ఇక్కడే పుట్టి ఇంగ్లీష్ చదవడమేంటి?

ఇవాళ ఈ దేశంలో మేముండే కాపెల్ ఊళ్ళో చర్చి అయ్యాక, లంచ్ దగ్గర మా ఫ్రెండ్ సుధాకర్ కూతురు షారన్‌ని ఒక పెద్దాయన ఏం చదువుతున్నావని అడిగాడు. ఇక్కడి రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీష్ అని చెప్పిందా పిల్ల.

"ఇక్కడే పుట్టావు కదమ్మా, ఇంకా ఇంగ్లీష్ రాలేదా?" అన్నాడాయన, నిజంగానే జాలిపడుతూ.

సుధాకర్ మొహం మాడిపోయింది. "ఏదో టైంపాస్‌కి లెండి. వచ్చే ఏడు కంప్యూటర్స్‌కి మారుతుంది" అన్నాడు.

"మారను డాడీ. ఇంగ్లీష్‌లోనే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతా. టీచర్ అవుతా" అంది షారన్.

ఇలాంటి చోట నేను నోరు మూసుకుని కూర్చోనని మీకు తెలుసు. "మీ నాన్నగారు బాపట్ల దగ్గర ఇంగ్లీష్ మాస్టారే కదయ్యా. ఆయన నేర్పిన ఇంగ్లీషే కదా నిన్ను విమానం ఎక్కించింది?" అని సుధాకర్‌ని అందరి ముందూ అడిగేశాను.

"అందుకే వద్దంటున్నా అన్నా" అన్నాడు సుధాకర్ మెల్లగా. "ఊళ్ళో సగం మందికి చదువు చెప్పి, చివరికి అద్దె ఇంట్లోనే పోయాడు."

షారన్ అంది, "అయితే నేనూ అద్దె ఇంట్లో ఉంటా డాడీ. ఏమవుతుంది?"

సుధాకర్ ప్లేట్ పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

నలుగురికి చదువు చెప్పాలనుకునే మనిషి అక్కడైనా ఇక్కడైనా ముందు అద్దె ఇంటికి సిద్ధపడాలన్నమాట. దీని మీద సుధాకర్ లాంటి తండ్రులతో పోట్లాడీ పోట్లాడీ అలిసిపోయాను. పోట్లాడాల్సింది సుధాకర్‌తో కాదని మాత్రం ఇవాళ తెలిసింది. మరి ఎవరితోనో మీరు చెప్పండి.