మావయ్యకి వినపడిందా?

మా మావయ్య పోయాడన్న కబురు నాకు షేర్ ఆటోలో అందింది. తిరువూరు నుంచి గంపలగూడెం బడికి వెళ్తున్నాను. ఒళ్ళో పిల్లల పరీక్ష పేపర్ల కట్ట ఉంది. ఫోను మోగితే ముందు గుండె జారడం, ఆ తర్వాత ఎవరా అని చూడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చూస్తే అత్త. "అమ్మాయ్, మీ మావయ్య లేవట్లేదే," అంది. ఇంకో మాట లేదు. ఆటో ఆపమని నేను పెట్టిన కేకకి పేపర్లన్నీ పక్కవాళ్ళ కాళ్ళ మీద పడ్డాయి. నేను వెనక్కి చేరేసరికి డాక్టరుగారు వచ్చి చూసి వెళ్ళిపోయారు. నిద్రలోనే ప్రాణం పోయిందన్నారట.

మావయ్యంటే మా అమ్మకి స్వయానా తమ్ముడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. నెమలి ఊరి నుంచి పెనుగొలను దాకా ఆయన ఎక్కి దిగని స్తంభం లేదు. స్తంభం మీద కూర్చుని, తీగకి టెస్టు ఫోను తగిలించి, కళ్ళు మూసుకుని వినేవాడట. తప్పు ఎక్కడుందో ఆ గరగరని బట్టే చెప్పేసేవాడని తోటివాళ్ళు సమాధి దగ్గర కూడా చెప్పుకున్నారు. "లైను బాగుందంటే గట్టిగా వినపడటం కాదే. అవతలి మనిషి ఊపిరి పీల్చుకోవడం వినపడాలి," అనేవాడు నాతో.

అలాంటి చెవులున్న మనిషి రిటైరయ్యాక హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాడంటే వింతేం లేదు. కొన్నది మాత్రం మామూలువి కాదు, ప్లానార్ రకం. ఇంత పెద్ద పెద్ద చెవిడిప్పలు, వాటిని నడపడానికి పక్కన చిన్న యాంప్లిఫయరు. మొదటిసారి నా తలకి తగిలించినప్పుడు సొరకాయ నెత్తిన పెట్టుకున్నట్టుంది. "మోయగలవా?" అని నవ్వాడు. అందులో ఏముందో నాకు పాఠం చెప్పాడు, టీచర్ని నేనైతే.

"మామూలు వాటిలో చిన్న గిన్నె లాంటిది ఉంటుందే. దాన్ని మధ్యలో పట్టుకుని ఊపుతారు, అంచులు వెనకబడతాయి. ఇందులో ఉల్లిపొర కంటే పల్చటి రేకు. తీగ దాని మీదే గీసుంటుంది. అటూ ఇటూ అయస్కాంతాలు. రేకు రేకంతా ఒక్కసారే కదులుతుంది. అందుకే మాట చిరగదు."

ఏమోలే, మావయ్య చాదస్తం అనుకున్నాను. పాత వయొలిన్ కచేరీ ఒకటి పెట్టాడు. మీకెలా చెప్పను! కమాను తీగని తాకకముందే వాయించే ఆయన ఊపిరి వినపడింది. మృదంగం ఎడమ వైపు అరచెయ్యి ఆనించి తీసినప్పుడు ఆ తోలు సర్దుకోవడం వినపడింది. గట్టిగా లేదు, మీద పడిపోయేంత దగ్గరగానూ లేదు. ఎవరెక్కడ కూర్చున్నారో అక్కడే ఉన్నారు, మధ్యలో ఖాళీ కూడా ఉంది. మా పెద్దమ్మ కొడుకు ఒకసారి పెట్టుకుని చూసి "బేస్ లేదు మావయ్యా" అని పెదవి విరిచేశాడు. మావయ్యకి కోపమొచ్చింది. "ఉన్నదే చెబుతుందిరా ఇది. లేనిది కలపదు," అన్నాడు.

ఆ మొదటి రోజే ఇంకోటి జరిగింది. నేను కళ్ళు మూసుకుని వింటున్నాను. కచేరీ సాగుతోంది. "కాఫీ చల్లారుతోందే," అన్నాడు మావయ్య, వరండాలోంచి, మామూలు గొంతుతో. "వస్తున్నా," అన్నాను. అనేశాక ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను.

"అదేంటి మావయ్యా, చెవులు రెండూ మూసుకున్నా వినపడిందేంటి?"

"మూసుకోలేదే. వెనక చూడు, చిల్లుల జాలీ. మూత పెట్టరు వీటికి. పెడితే పాటని బీరువాలో పెట్టి తాళం వేసినట్టుంటుంది. తెరిచుంచితేనే దానికి గాలి ఆడుతుంది. లోపలిది బయటికి పోతుంది, బయటిది లోపలికొస్తుంది." అని, వంటింటి తెర వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "మీ అత్తకి చెప్పమాకు."

"ఎందుకూ?"

"అది మొహం మీద ఏదీ అడగదే. పెళ్ళైన కాడ్నించీ చూస్తున్నా. నేనివి తగిలించుకుంటే గానీ దానికి నోరు రాదు."

అత్త లెక్క అత్తకుంది. ఆ జాలీలోంచి పాట సన్నగా బయటికి వస్తుంటుంది కదా, దాన్ని బట్టి ఆవిడ ఒక నిర్ణయానికొచ్చేసింది. "బయటికే ఇంత వినపడుతుంటే లోపలెంత మోతో! పిడుగు పడ్డా తెలీదు ఈయనకి," అనేది. నిజానికి మావయ్య ఎంత తక్కువలో వినేవాడో నాకు తెలుసు. తక్కువలో కూడా ఏదీ జారిపోకపోవడమే వాటి గొప్ప అని ఆయన మురిసిపోయేవాడు. ముందు గదికీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క తెర. తెరకి అవతల అత్త గిన్నెలతో మాట్లాడుతూ ఉండేది. పెరటి తలుపు కిర్రుమంటే ప్రాణం పోతోందనేది. మర్నాడు బందులకి నూనె పడేది. కొర్రమీను తిని ఎన్నాళ్ళయిందో అనేది. ఆదివారం ప్రార్థన అయి గుడి నుంచి వచ్చేసరికి సంచిలో కొర్రమీను ఉండేది. పాపం అత్త, గుడి దగ్గర ఆడవాళ్ళతో "నేను అడగను కూడా అడగనండీ. నా మనసు ఆయనకి తెలిసిపోద్ది," అని గొప్పగా చెప్పుకునేది. పక్కనున్న నాకు నవ్వాగేది కాదు. మావయ్య మాత్రం పైకప్పు వంక చూస్తూ నిలబడేవాడు. మేమిద్దరం దొంగలం అప్పట్లో.

ఆ దొంగతనం నా మెడకి ఇలా చుట్టుకుంటుందని ఎవరనుకున్నారు!

సమాధి చేసి వచ్చిన సాయంత్రం. ఇంటి నిండా జనం, ప్లాస్టిక్ కుర్చీలు. అత్త నా మణికట్టు పట్టుకుని పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి లాక్కెళ్ళింది. అప్పటిదాకా ఏడవని మనిషి.

"అమ్మాయ్, నీకు తెలుసుగా వాటి సంగతి. అవి పెట్టుకుంటే బయట మాటలు వినపడవు కదా?"

ఆ మొహం చూసి ఉంటే మీరేం చెప్పేవారో నాకు తెలీదు. నేను మాత్రం ఆలోచించకుండా, "అస్సలు వినపడవత్తా," అన్నాను. చాలదన్నట్టు, "నేను పెట్టుకుని చూశానుగా. పక్కన నిలబడి అరిచినా వినపడదు," అన్నాను. అత్త ఊపిరి వదిలింది. అప్పుడు చెప్పింది.

మావయ్య పోవడానికి ముందు రోజు మధ్యాహ్నం మోకాలి నొప్పితో అన్నం గిన్నె దించుకుంటోందట. తెర పక్కనుంచి చూస్తే మావయ్య కుర్చీలో, తలకి అవి, కళ్ళు మూసుకుని. ఎక్కడో మండింది. గిన్నెతో అన్నట్టే అంది, గట్టిగా కూడా కాదు. "ఈ ఇంట్లో ఈ మనిషి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"ఆ మాటన్నాక తెల్లారేసరికి లేకుండా పోయాడే," అంది అత్త. "అది గానీ చెవిన పడుంటే, ఆ మాట పట్టుకునే పోయుంటాడు. వినపడలేదు కదా? నువ్వు చెప్పావుగా, వినపడదని."

వినపడదత్తా, అన్నాను మళ్ళీ. ఆయనకి వినపడే ఉంటుందని ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు. మొదట చేసిన పని, భద్రం చేస్తానని చెప్పి ఆ హెడ్‌ఫోన్స్‌నీ యాంప్లిఫయరునీ మా ఇంటికి పట్టుకొచ్చేయడం. దుప్పటిలో చుట్టి బీరువా మీద పెట్టాను. మావారు "బాంబు దాచినట్టు దాస్తావేంటి," అన్నారు. బాంబే మరి. ఒక్కసారి తలకి తగిలించుకుంటే చాలు, అత్తకి నిజం దానంతటదే తెలిసిపోతుంది. రోజూ బడి నుంచి వస్తూ వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. రోజూ ఏదో ఒక వంకన అదే ప్రశ్న. "నువ్వు పెట్టుకున్నప్పుడు ఫ్యాను చప్పుడు కూడా వినపడలేదా?" "లేదత్తా." "కుక్కరు విజిలు?" "లేదత్తా." అబద్ధం చెప్పాడని ఏడో తరగతి పిల్లాణ్ణి బెంచీ ఎక్కించిన దాన్ని నేను. నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు నిజం గురించి రెండు మాటలు మాట్లాడితే, నన్నే అన్నారేమోనని చాప అల్లిక లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఆ కూడిక అయిన వారానికి అత్త అడగనే అడిగింది. "అవి పట్టుకురావే. ఆయన ఏం వినేవాడో నేనూ ఓసారి వింటా."

వైరు పాడైందన్నాను. బాగుచేయించమంది. బరువుకి తలనొప్పొస్తుందన్నాను. అన్నేళ్ళు ఆయనకి రాని నొప్పి నాకెందుకొస్తుందంది. ఇక లాభం లేక ఆదివారం గుడి అయ్యాక పట్టుకెళ్ళాను. ఆటోలో ఒకటే ప్రార్థన, కరెంటన్నా పోవాలని. పోలేదు.

అత్త మావయ్య కుర్చీలో కూర్చుంది. ఆ పెద్ద డిప్పలు ఆవిడ చిన్న తల మీద నిలవక జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుంది. నేనొక ఎత్తు వేసుకుని వచ్చాను. సౌండు బాగా పెంచేస్తే బయట చప్పుడు మునిగిపోతుంది కదా అని నాబ్‌ని గిర్రున తిప్పేశాను. అత్త మొహం చిట్లించింది.

"అబ్బా, తగ్గించు! ఆయన ఇంత పెట్టడు."

"ఇంతే పెట్టేవాడత్తా."

"రోజూ తుడిచేదాన్ని నాకు తెలీదా? ఆ నాబ్ మీద తెల్ల గీత ఎప్పుడూ కిటికీ వైపుండేది. అక్కడికి పెట్టు."

పెట్టాను. ఏం చెయ్యను! పాట మెల్లగా సర్దుకుంది. అత్త కళ్ళు మూసుకుంది. వయొలిన్. నేను ఊపిరి బిగబట్టాను, చీర కుచ్చిళ్ళు కూడా కదపలేదు. వీధిలో ఎవరూ రాకూడదు, ఎవరూ పిలవకూడదు. ఒక నిమిషం గడిచింది. బతికాను అనుకున్నాను.

"వంటింట్లో పంపు సరిగ్గా కట్టలేదేంటే? బొట్లు పడుతున్నాయి," అంది అత్త, కళ్ళు తెరవకుండానే.

అని ఆగిపోయింది. కళ్ళు తెరిచి నన్ను చూసింది. పాట ఇంకా వస్తూనే ఉంది.

"నాకు వినపడుతోందేంటే?"

నేను నేల మీద కూలబడి ఆవిడ మోకాళ్ళు పట్టుకున్నాను. ఏడుస్తూనే చెప్పేశాను. "అన్నీ వినపడతాయత్తా. మావయ్యకి అన్నీ వినపడేవి. నీకు చెప్పొద్దన్నాడు. నువ్వు భరించలేవని నేను అబద్ధమాడాను. నన్ను తిట్టు అత్తా, కొట్టు."

అత్త తిట్టలేదు. డిప్పల్ని రెండు చేతులతో అలాగే పట్టుకుని పంపు బొట్లు వింటోంది.

"తలుపు బందు," అంది చివరికి. "కొర్రమీను. ఊఁ. మనసు తెలుసని ఊరంతా చాటుకున్నాను." పెదవులు నవ్వబోయి ఆగిపోయాయి. "అయితే ఆ మాటా వినపడిందన్నమాట."

తలూపాను.

"మరి నాతో ఒక్క మాట అనలేదేంటే?" అని, వంటింటి తెర వైపు తిరిగి అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత మాట్లాడిన గొంతు వేరు. "అందుకొచ్చాడా?"

"ఎక్కడికత్తా?"

"ఆ సాయంత్రమేనే. ఇవి తీసి బల్ల మీద పెట్టి వంటింట్లోకొచ్చాడు. ఎప్పుడూ రాడు, నీకు తెలుసుగా. చిక్కుడుకాయల చాట లాక్కుని గడప మీద కూర్చున్నాడు. ఏం కావాలంటే ఏం వద్దన్నాడు. ఈనెలు తియ్యటం కూడా చేతకాదు, సగం కాయలు పాడుచేశాడు. నాకు ఒళ్ళు మండి, దారికడ్డం, కాళ్ళు తియ్యండని కసిరాను."

"తీశాడా?"

"కాళ్ళు పక్కకి తీశాడు. లేచి మాత్రం పోలేదే. లైట్లేసేదాకా అక్కడే కూర్చున్నాడు."

హెడ్‌ఫోన్స్ తీయకుండానే అత్త ఆ గడప వైపు చూస్తూ ఉంది. జాలీలోంచి వయొలిన్ సన్నగా బయటికొస్తోంది. కాసేపటికి ఆవిడ, నొప్పి మోకాలిని రెండు చేతులతో ఎత్తి, ఎవరికో చోటిచ్చినట్టు తన కాళ్ళు ఒక పక్కకి జరుపుకుంది.