కోన కాడ వడ్డించినామె

మా యమ్మ సుబ్బలక్ష్మమ్మకు సంతకం రాదు గానీ నన్ను ఇంజనీరును చేసింది. ఎట్లంటారా? వేంపల్లె కాడ మాకు రెండెకరాల చీనీతోట, అదే, బత్తాయితోట. బోరెండిపోయిన ఏడు ట్యాంకరు తోలించి, చంకన బిందె పెట్టుకోని, చెట్టుచెట్టుకూ నీళ్ళు పోసింది. ఆ కాయలమ్మే నన్ను కాలేజీలో చేర్పించింది. బిందె ఒరుసుకోని ఒరుసుకోని ఆమె నడుము ఈ పొద్దుకీ కాయగట్టి ఉండాది. అట్లాంటి మనిషిని నేనేం చేసినానో ఇనండి. చెప్పుకోవాలంటే సిగ్గుతో చస్తాండా.

రెండువేల మూడులో ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలో ఆఫీసరుగా చేర్తి. నెల తిరక్కముందే ఆఫీసోళ్ళమంతా బస్సు కట్టుకోని నల్లమలలో కోన చూసేకి పోతిమి. "కొండ మీంచి నీళ్ళు దూకుతాయంట గదా, చూపీరా అబ్బోడా" అని మా యమ్మ గూడా బయల్దేరె. అందరికీ చిత్రాన్నం తనే చేసి, గిన్నెలు ఒలికిపోతాయని డ్రైవరు పక్కనే కూచునింది. ఆమె ఎవరో ఎవరికీ తెలీదు.

నీళ్ళు కనపడంగానే మా యమ్మకు ఒళ్ళు తెలీలే. ఖాళీ క్యాన్లు, చెంబులు ఏరుకొచ్చి, ట్యాంకరు కాడ పెట్టినట్లు రాళ్ళ మీద వరసగా పెట్టేసింది. కొంగు దోపుకోని ఒకటే అరుపు: "రాండమ్మా, బిన్నా రాండి! ఒగరెనక ఒగరు! మళ్ళా నిలిచిపోతాయి!"

అందరూ పకపకా నవ్విరి. మా మేనేజరు భార్య శ్రీవాసవి మేడం నా తట్టు తిరిగి, "ఎవరండీ ఆమె? మీ వాళ్ళా?" అనడిగె.

"వంటకు పిల్చుకొచ్చినామండీ" అంటి.

నా నోట్ల మన్ను పడ! ఎనక్కి తిరిగితే మా యమ్మ నిండు చెంబుతో మూడడుగుల దూరంలో ఉండాది. నాకు తాగేకి తెచ్చినట్లుండాది. చెంబు రాయి మీద పెట్టి, పోయి క్యాన్లన్నీ తీసేసింది.

అన్నాల పొద్దుకు అందరం బండల మీద కూచుంటిమి. మా యమ్మ ఇస్తరాకులేసి వడ్డిస్తా వచ్చింది. నా కాడికొచ్చి వంగి, తలెత్తకుండానే, "ఇంకొంచెం పెట్టమంటారా సార్?" అనె.

ఎత్తిపొడిచినా బాగుండు. నా పరువు పోకూడదని అట్ల పిల్చింది. పుట్టినప్పట్నుంచి నన్ను అబ్బోడా అని తప్ప పిల్వని నోరది! అప్పుడన్నా "అమ్మా, నువ్వూ కూచో" అని ఉండొచ్చు. పక్కనే మేడం ఉండాది.

"చాలు" అంటి. ఆమె పక్క ఇస్తరాకు కాడికి జరిగింది.