గోరు మీద నెలవంక

లింగవ్వ కాళ్ళు చాపి కూర్చుందంటే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో తెల్లవారినట్టే. ఆ కాళ్ళ మీద పడుకుని నీళ్ళు పోయించుకోని పిల్లలు ఆ వరుసలో లేరు. నూనె అంటి, శనగపిండితో రుద్ది, వేడినీళ్ళు ధార కట్టి వదులుతుంటే ఎంత ఏడ్చే బిడ్డయినా కాసేపటికి కళ్ళు వాల్చేది. ఊదు పొగ, తడి కట్టెల పొగ, ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే చెరకు మడ్డి వాసన కలిసి వసారా అంతా మత్తుగా ఉండేది. బిడ్డకే కాదు, పోసే మనిషికీ నిద్ర వచ్చేలా ఉండేది.

పోచంపాడ్‌లో ఆనకట్ట పని నడుస్తున్న కాలమది. ఆ ఏడు ఆషాఢంలో అందరితో పాటు లింగవ్వా గోరింటాకు పెట్టుకుంది. అయితే ఆమెకు ఆచారం ఒక్కటే కారణం కాదు. కుడిచేతి మూడు గోళ్ళు కొన్నేళ్ళుగా పచ్చబడ్డాయి, మందమెక్కాయి, అంచుల్లో పిండిలా రాలుతున్నాయి. నొప్పి మాత్రం లేదు. నీళ్ళలో నానే చేతులు అంతేలే అనుకుంది. గోరింటాకు పెడితే అన్ని గోళ్ళూ ఒకటే రంగు. వెలిసే లోపు మళ్ళీ నూరేది.

ఆ వానాకాలం ఆమె కాళ్ళ మీదున్నది వసంతమ్మ కూతురు. వసంతమ్మ బీఎస్సీ చదివింది, భర్త ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. తొలి కాన్పు కావడంతో ఆమెకు ప్రతిదీ భయమే. కాగులో మోచేయి ముంచి చూసేది, చాలక మళ్ళీ ముంచేది.

"నువ్వు సూసి సూసి నీళ్ళు సల్లగ జేస్తున్నవ్ బిడ్డా," అనేది లింగవ్వ.

ఒక పొద్దున పాపను తుడుస్తుంటే లింగవ్వ గోరు తుండుగుడ్డ పోగుకు తట్టుకుంది. లాగితే అంచు పొడిగా రాలి పాప బొడ్డు పక్కన పడింది. వసంతమ్మ వంగి చూసింది.

"అవ్వా, చెయ్యి ఇటియ్యి."

అన్ని గోళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. ఆ మూడు మాత్రం గరుకెక్కి, చర్మం నుంచి పైకి లేచి ఉన్నాయి.

"ఇది గోరింటాకు కాదు. గోట్ల బూజు పట్టింది. అంటుకునేదేమో. పాప తోలు చూడు, ఎంత పల్చగుందో..." ఆమె పాపను ఒళ్ళోకి లాక్కుంది. "రేపటి నుంచి వద్దవ్వా. ఏమనుకోకు."

లింగవ్వ వేళ్ళు లోపలికి ముడుచుకుంది. ఎంతమంది పిల్లలను నిద్రపుచ్చిన చేతులో, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో ఆ క్షణం ఆమెకు తెలియలేదు.

అయితే వసంతమ్మ అంతటితో వదిలెయ్యలేదు. ఆ వారమే పాపను భర్తకు అప్పజెప్పి, లింగవ్వను బస్సెక్కించి నిజామాబాదులో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన గోరు కింది పొడిని గీకి, గాజుపలక మీద మందుచుక్కలో నానబెట్టి, సూక్ష్మదర్శినిలో చూశాడు. లింగవ్వనూ చూడమన్నాడు.

ఆమె ఒక కన్ను మూసి వంగింది. వెలుతురు గుండ్రంగా కనిపించింది. అందులో సన్నటి పోగులు కొమ్మలు వేసుకుంటూ, కాలువ నీళ్ళలో నాచులా తేలుతున్నాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

"గివన్ని నా గోట్లనే ఉన్నయా సారూ?"

"నీ గోరు తినుకుంట బతుకుతున్నయమ్మా."

"అంటే ఇన్నేండ్లు నేనే సాదినన్నట్టు."

డాక్టరు నవ్వాడు. ఇది పాపమూ కాదు, రక్తంలోని చెడూ కాదు, తడిలో పెరిగే బూజు అన్నాడు. తేలిగ్గా అంటుకోదు కానీ పసిపిల్లల విషయంలో జాగ్రత్త మంచిదన్నాడు. మాత్రలు రాశాడు. అన్నం తిన్నాక నెయ్యితోనో పాలతోనో వేసుకోవాలి. పాడైన గోరు బాగుపడదు. కింది నుంచి వచ్చే కొత్త గోరును మందు కాపాడుతుంది. అది పూర్తిగా రావడానికి ఆరు నెలలైనా పడుతుంది. చూపుకు బాగుందని మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. చేతులు తడవకూడదు, తడిస్తే వేళ్ళ సందులు కూడా తుడుచుకోవాలి. తుండుగుడ్డ, గోళ్ళు తీసే బ్లేడు ఎవరితోనూ పంచుకోకూడదు.

"ఇంకోటి, గోరింటాకు పెట్టొద్దు. నాకు గోరు కనబడాలె."

తిరుగు బస్సులో వసంతమ్మే అంది: "చేతులకే గదా సెలవు. నోటికి లేదు గదా. నువ్వు చెప్పు, నేను పోస్త."

అలా లింగవ్వ ఎత్తుపీట మీద కూర్చునేది, చేతులు ఒళ్ళో పొడిగా ఉండేవి. వసంతమ్మ కాళ్ళు చాపేది. "మెడ కింద చెయ్యి పెట్టు. బెదరకు, నువ్వు బెదిరితే అది బెదురుతది." నీళ్ళ చప్పుడు వింటూ లింగవ్వ కళ్ళు మూసుకునేది. మోకాళ్ళ కింద ఆ చిన్న బరువు ఉన్నట్టే అనిపించేది. ఇంట్లో గ్లాసెడు పాలతో మాత్ర వేసుకుంటుంటే మొగుడు రాజమల్లు, "పోరగాండ్లకు నీళ్ళు పోసి పోసి నువ్వే సంటిపోరివైనవ్," అనేవాడు.

వినాయక చవితికి గోళ్ళ మొదట్లో తెల్లటి గీత కనిపించింది. ఆషాఢపు ఎరుపు పైకి జరిగి, కింద నెలవంకలా లేతగా కొత్త గోరు వచ్చింది. ఎండలో చెయ్యి చాపి చూసుకునేది. బతుకమ్మ నాటికి అది సగం దాకా పాకింది.

అప్పుడే ఊళ్ళోంచి పాత నేస్తం అజీజా కబురు పెట్టింది. ఆమె కూతురు ప్రసవించింది. ఆ కూతురికీ ఒకప్పుడు నీళ్ళు పోసింది లింగవ్వే. రేపే రమ్మంది.

పెరట్లో గోరింటాకు చెట్టు ఉంది. లింగవ్వ గుప్పెడు ఆకు కోసింది. నూరి పెడితే తెల్లారేసరికి గోళ్ళన్నీ ఒకటే రంగు, ఎవరికీ తెలియదు. ఆకు వాసనలో ఆమెకు వేడినీళ్ళు, శనగపిండి, చంటిబిడ్డ నెత్తి వాసన అన్నీ గుర్తొచ్చాయి. అలాగే నిలబడింది. ఎవరికీ తెలియకపోవడమే కదా ఇంతకాలం జరిగింది. పిడికిలి విప్పి ఆకును చెట్టు మొదట్లో వదిలేసింది.

మర్నాడు లింగవ్వ అజీజా ఇంటి గడప బయటే నిలబడి గోళ్ళు చూపించింది, అంతా చెప్పింది.

"నా బిడ్డకు పోసి, మనవనికి పొయ్యనంటవేందే?" అంది అజీజా.

"పోస్త. ఇప్పుడు సగం చంద్రుడే వచ్చిండు. నిండనీ."

అజీజా ఆ గోళ్ళను వెలుతురుకు తిప్పి చూసింది. "రంజాన్ చాంద్ కోసం ఎదురుసూసుడు నాకు కొత్తనా? లోపలికి రా, చాయ్ తాగు."

చెరకు బండ్లు ఫ్యాక్టరీ ముందు బారులు తీరే రోజుల్లో, మాఘంలో, లింగవ్వ తన సొంత బ్లేడుతో చివరి ఎర్రటి అంచు తీసేసింది. డాక్టరు మళ్ళీ గీకి చూశాడు. పోగులు లేవు.

లింగవ్వ వసంతమ్మ ఇంటికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని, వేలు వేలుకూ తుడుచుకుని, కాళ్ళు చాపింది. పాపను పడుకోబెడితే పడుకోలేదు. దొర్లి లేచి కూర్చుంది. నవ్వింది. పాపకు కాళ్ళ మీద పడుకునే వయసు దాటిపోయింది. లింగవ్వ గుండె కాస్త ఖాళీ అయింది. అజీజా మనవడికింకా ఆ వయసే, ఈ మధ్యాహ్నమే పోవాలి అనుకుంది.

పాప ఆమె కుడిచేయి పట్టుకుని చూపుడువేలు నోట్లో పెట్టుకుంది. కొత్తగా వచ్చిన పన్నుతో ఆ గోరునే కొరకసాగింది.

వసంతమ్మ చెయ్యి ముందుకు లేచింది. గాలిలోనే ఆగింది. ఒక్క క్షణం ఆ గోరును చూసింది, తర్వాత చెయ్యి దించి కాగు వైపు తిరిగింది.

"నీళ్ళు సరిగ్గ ఉన్నయా అవ్వా, నువ్వే చూడు," అంది.