తాటిచెట్టు లేని సరళరేఖ

"ఒక్క గీతకి ఇన్ని సమీకరణాలు ఎందుకు టీచర్? ఒకటి సరిపోదేటి?"

తొమ్మిదో తరగతిలో ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. చాలా ఏళ్లు నేను చెప్పిన జవాబు ఒకటే: పరీక్షలో అడుగుతారు కాబట్టి. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగేది కూడా. జవాబు తెలియనప్పుడు కోపం తెచ్చుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు ఆ ప్రశ్న వస్తే సుద్దముక్క పక్కన పెట్టి నింపాదిగా కూర్చుంటాను. అసలు జవాబు నాకు మా నాన్న దగ్గర దొరికింది. అదీ నా లెక్కతో ఆయన్ని సముద్రం మీద అర కిలోమీటరు దారి తప్పించాక.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు. నేను నరసన్నపేటలో ఉంటూ దగ్గర్లోని హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాన్న అరవై దాటినా వేటకి వెళతాడు. పడవ మా మేనత్త కొడుకుది, అంటే నాకు బావ. ఇంజను బావదే, వలలు బావవే, రెక్కల సత్తువా బావదే. పడవలో నాన్నకంటూ ఉన్నది ఒక్కటే: రాయి ఎక్కడుందో తెలియడం.

ఒడ్డుకి ఆరేడు కిలోమీటర్ల దూరంలో నీటి అడుగున ఒక రాతిగుట్ట ఉంది. దాని చుట్టూ కోనాం చేప తిరుగుతుంది. మిగతా రోజులు ఎక్కడ వల వేసినా, కోనాం అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి ఆదివారం మాత్రం గేలాలు పట్టుకుని రాతి దగ్గరికే వెళ్లేవారు. నీళ్ల మీద గుర్తంటూ ఏమీ ఉండదు. గుర్తులన్నీ ఒడ్డునే. మా ఊరి ఇసకమేట మీద ఒంటి తాటిచెట్టు, దాని వెనకాల దూరంగా కొండ. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పడవను పట్టుకుని వెళ్లాలి. అది ఒక గీత. పక్క ఊరి గుడిగోపురం, దాని వెనక చిన్న గుట్ట. అది రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోట తాడుకి సీసపు గుండు కట్టి వదిలితే, బురదలో దిగకుండా ఠక్కున రాతికి తగులుతుంది. ఈ విద్య నాన్నకి మా తాత నేర్పాడు. నాన్న ఎవరికీ నేర్పలేదు.

బావ పడవలో జీపీఎస్ ఉంది. రాతి మీద ఉన్నప్పుడు ఒక్క మీట నొక్కితే ఆ చోటు అందులో ఉండిపోతుంది. నాన్న నొక్కనిచ్చేవాడు కాదు. "ఆ పెట్టిలో సూసుకుని ఎల్లిపోయేటట్టయితే ఇంక నానెందుకురా?" అనేవాడు. నవ్వుతూ అన్నట్టే అనేవాడు గానీ అది నవ్వులాటకి అన్న మాట కాదని మా అందరికీ తెలుసు.

ఒక ఏడాది తుఫానుకి తాటిచెట్టు పడిపోయింది. చెట్టే కాదు, అది నిలబడిన ఇసకమేటను కూడా సముద్రం కోసుకుపోయింది. అక్కడ గెడ పాతడానికి కూడా నేల లేదు. ఒక గీత పోయింది. ఒక్క గీత పట్టుకుని వెళితే ఆ గీత పొడవునా ఎక్కడైనా ఉండొచ్చు, రాయి మాత్రం దొరకదు. వరసగా మూడు ఆదివారాలు పడవ ఖాళీగా తిరిగొచ్చింది.

నాన్నకి పడవలో నోరు ఊరుకోదు. తాడు చుట్టడం రాదనీ, ఇంజను తొందరగా ఆపాడనీ, చేప లాగే తీరు అది కాదనీ, బావని ఒడ్డు వదిలిన దగ్గర్నుంచి ఒడ్డు చేరేదాకా తిడుతూనే ఉండేవాడు. అలాంటి మనిషి ఆ మూడు వారాలూ పెదవి విప్పలేదట. బావే ఫోన్ చేసి చెప్పాడు. తర్వాత శనివారం నేను ఊరికి వెళ్లేసరికి ఆ మాటా ఈ మాటా అయ్యాక మా అరుగు మీదే అసలు మాట బయటపెట్టాడు.

"మావా, కోపం తెచ్చుకోకు. ఇంకో రెండు ఆదివారాలు సూద్దాం. అప్పటికీ రాయి దొరక్కపోతే కొన్నాళ్లు ఇంటికాడే ఉండి వలలు బాగుసేసుకో. నీ సోటులో ఇంకో మనిషిని ఎక్కించుకుంటాను."

నాన్న "అలాగేలేరా" అన్నాడు. నాకు భయం వేసింది. మా నాన్న నోట "అలాగే" అన్న మాట అంతకుముందు నేను విన్న గుర్తు లేదు.

బావ వెళ్లిపోయాక నాన్న పక్కన కూర్చున్నాను. ఫోన్‌లో మ్యాప్ తెరిచి మా ఊరి ఒడ్డు దగ్గరికి పెద్దది చేసుకుంటూ వెళ్లాను. ఆ బొమ్మ తుఫానుకి ముందు తీసింది. ఇసకమేట అలాగే ఉంది. దాని మీద చిన్న ఆకుపచ్చ చుక్క, పక్కనే పొడుగాటి నీడ. ఫోన్‌లో మా తాటిచెట్టు ఇంకా పడలేదు.

"నాన్నా, చెట్టు వెనకాల ఏది కలిపేవాడివి?"

"కొండ."

ఇంకేమీ అడగలేదు. అడగాల్సిందని నాకు తోచనే లేదు. గ్రాఫ్ పుస్తకం తీశాను. ఒక గడి వంద మీటర్లు. మా ఇంటి గడప (0, 0).

"మనిల్లు సున్నాయేటి?" అన్నాడు నాన్న, మూడు వారాల్లో మొదటిసారి కాస్త పౌరుషంగా.

"సున్నా అంటే ఏమీ లేదని కాదు నాన్నా. కొలత అక్కణ్ణుంచి మొదలవుతుందని."

చెట్టు తూర్పుకి నాలుగు గడులు, ఉత్తరానికి ఒకటి. కొండ శిఖరం పడమరకి ఇరవై ఎనిమిది, ఉత్తరానికి నలభై తొమ్మిది. రెండు బిందువులు తెలిస్తే గీత తెలిసినట్టే. వాలు మైనస్ మూడు బై రెండు, అంటే తూర్పుకి రెండు గడులు నడిస్తే దక్షిణానికి మూడు దిగాలి. సాధారణ రూపంలో రాస్తే 3x + 2y – 14 = 0. ఇక ఆ గీత మీద, సముద్రంలోకి కనిపించేంత ఎత్తుగా ఇంకేముందో వెతకాలి. ఒక్కొక్కటీ తీసుకుని సమీకరణంలో పెట్టి చూశాను. సున్నా వస్తే గీత మీదున్నట్టు. ప్లస్ వస్తే ఒక పక్క, మైనస్ వస్తే ఇంకో పక్క. సెల్ టవర్ పడమరకి నాలుగు, ఉత్తరానికి పదమూడు. మైనస్ పన్నెండు, ప్లస్ ఇరవై ఆరు, మైనస్ పద్నాలుగు. సున్నా! అరుగు మీద ఎగిరి గంతేశాను. ఇంత పెద్ద ఆడదాన్ని, సిగ్గు కూడా వేయలేదు.

"నాన్నా, రేపు టవర్‌ని కొండ శిఖరానికి కలిపి వెళ్లండి. రాయి అక్కడే ఉంటుంది."

నాన్న నా వైపు చూశాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున ఒడ్డున నిలబడి ఎదురుచూశాను. పడవ చూడగానే తెలిసిపోయింది. సరుకున్న పడవ నీళ్లలో కూరుకుని వస్తుంది. మా పడవ అలల మీద తేలిగ్గా ఎగురుతూ వచ్చింది. గుండు వేసిన చోటల్లా బురదలోనే దిగిందట. నాన్న నా చెయ్యి పట్టుకుని, "నీ తప్పు కాదులే అమ్మా" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఉన్న రెండు ఆదివారాల్లో ఒకటి నేనే పాడుచేశాను.

అన్నం తినబుద్ధి కాలేదు. కాగితం ముందేసుకుని కూడికలు, గుణకారాలు మళ్లీ మళ్లీ చూసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు. లెక్కలో తప్పు లేకపోతే ఇంకెక్కడుంది? చివరికి, మొదటే చేయాల్సిన పని అప్పుడు చేశాను. నా పెన్ను నాన్న చేతిలో పెట్టి, పడవలోంచి చూస్తే కొండ ఎలా కనిపిస్తుందో గీయమన్నాను.

నాన్న ఎన్నడూ పెన్ను పట్టినవాడు కాదు. చీపురుపుల్ల పట్టుకున్నట్టు పట్టుకుని వంకరటింకరగా గీశాడు. రెండు మూపురాలు. ఎడమది పెద్దది, కుడిది చిన్నది. మధ్యలో పల్లం. ఆ పల్లంలోంచి నిటారుగా చెట్టు గీశాడు.

ఊళ్లోంచి చూస్తే ఇళ్లూ చెట్లూ అడ్డం వచ్చి ఆ కొండకి ఒకటే శిఖరం కనబడుతుంది. రెండు మూపురాలు సముద్రంలోంచే కనిపిస్తాయి. మా ఆడవాళ్లం పడవ ఎక్కం. పుట్టి పెరిగిన ఊళ్లో ఆ కొండ రెండో ముఖాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"మరి శిఖరానికి పెట్టమంటే ఎందుకు ఊరుకున్నావు నాన్నా?"

"నువ్వు లెక్కల టీచరువి కదేటి. కొత్త లెక్కలో అలాగే ఉంటాదేమో అనుకున్నాను. సదువుకున్నదానికి నానేటి సెప్తాను?"

నాకు అక్కడికక్కడే చెంపలు వాయించుకోవాలనిపించింది. ఎన్ని క్లాసుల్లో చెప్పాను, x అంటే ఏమిటో ముందు రాయండి, తర్వాత సమీకరణం కట్టండి అని! నాన్న "కొండ" అన్నాడు, నేను "శిఖరం" అని రాసుకున్నాను. ఆయన్ని అడగలేదు. అడగకపోవడమే కాదు, చదువు పేరు చెప్పి ఆయన నోరు కూడా మూయించాను.

మ్యాప్‌లో పల్లం వెతికాం, ఇద్దరం, రెండు తలలూ ఒక ఫోన్ మీదకి వంచి. శిఖరానికి నాలుగు గడులు తూర్పున, ఒక గడి ఉత్తరాన దొరికింది. వాలు ఇప్పుడు మైనస్ ఏడు బై నాలుగు. "ఒకటిన్నర కాస్తా ఒకటీ ముప్పావు అయింది, అంతే నాన్నా" అన్నాను. ఆ పావు తేడా చెట్టు దగ్గర సున్నా. కానీ రాతి దగ్గరికి వెళ్లేసరికి అర కిలోమీటరు. ఆ పొద్దున పడవ ఎంత తూర్పుకి జరిగిపోయిందో గీసి చూపించాను. నాన్న ఆ గీతల మధ్య ఖాళీని వేలితో కొలిచి, "అందుకే బురద" అన్నాడు.

కొత్త గీతను మొదట y = –7/4 x + 8 అని రాశాను. చివర ఉన్న ఆ ఎనిమిది దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఎన్నో ఏళ్లుగా బోర్డు మీద y = mx + c అని రాస్తూ, c అంటే y-అంతరఖండం అని అప్పజెబుతూ వచ్చాను. ఇక్కడ అది మా గడపలోంచి సరిగ్గా ఉత్తరానికి ఎనిమిది గడులు. లేచి గుమ్మంలో నిలబడి ఉత్తరానికి చూశాను. అడ్డుగా ఉండే సరుగుడు తోటను తుఫాను పడగొట్టేసింది. ఇన్నాళ్లూ ఆ చెట్ల వెనక ఉన్న తుఫాను షెల్టరు తెల్లగా నిలబడి ఉంది. దాని మిద్దె మీద మెట్లగది. ఫోన్‌లో కొలిచాను. ఎనిమిది గడులు.

సాధారణ రూపంలోకి మార్చి 7x + 4y – 32 లో కూడా పెట్టి చూశాను. సున్నా. ఈసారి గంతేయలేదు. ముందు నాన్ననే అడిగాను.

"షెల్టరు మెట్లగదిని ఆ పల్లంలో పెడితే సరిపోతాదా నాన్నా?"

నాన్న కళ్లు మూసుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి ముందుకు చాపి, బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను కొంచెం తెరిచి, గాలిలో ఏదో సరిచేశాడు.

"సరిపోతాది" అన్నాడు.

వారం రోజులు స్కూల్లో ఎలా గడిచాయో నాకే తెలియదు. మళ్లీ ఆదివారం, మళ్లీ అదే ఒడ్డు. ఎండ ఎక్కింది. మిగతా పడవలన్నీ వచ్చేశాయి. మా పడవ జాడ లేదు. చివరికి దూరంగా నీలిరంగు అంచు కనిపించింది. నీళ్లలో కూరుకుని వస్తోందో, నా కళ్లకే అలా అనిపిస్తోందో తేల్చుకోలేకపోయాను. అంతలో ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో, అలల మీదుగా, నాన్న గొంతు వినిపించింది.

తిడుతున్నాడు.

"రాసుకోరా, ఆ మీట నొక్కుకోరా అని నోరు తెరిసి నానే సెప్తే, సేప పడిందని గంతులేసి మరిసిపోతాడా మనిషన్నోడు? సెట్టు పడిపోతే నా కూతురు లెక్క కట్టినాది. రేపు నానే పడిపోతే ఎవుడు కడతాడురా?"

"ఒలే మరదలా, మీ నాన్న నన్ను సంపేస్తన్నాడే!" అని అరిచాడు బావ, రెండు చేతులా కోనాం ఎత్తి చూపిస్తూ. మొహమంతా నవ్వు.

నేను ఇసకలో కూలబడిపోయాను. నవ్వు వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పడవ ఒడ్డుకి తగిలాక నాన్న దిగి నా దగ్గరికి వచ్చాడు.

"మీట నొక్కకపోయినా ఏం ఫర్వాలేదు నాన్నా" అన్నాను. "నా పుస్తకంలో ఉంది కదా."

"నీ పుస్తకంలో నీకుంటాది. నా కంట్లో నాకుంటాది. ఆ పెట్టిలో ఆడికుండాలి కదేటి" అన్నాడు నాన్న. తొమ్మిదో తరగతి పిల్లల ప్రశ్న నాకు అక్కడే గుర్తొచ్చింది. నాన్న అప్పటికే వెనక్కి తిరిగి, తాడు అలా కాదురా చుట్టడం అని బావ మీద మళ్లీ మొదలుపెట్టాడు.