కంపెనీ తరఫు మనిషి

ఎనభైల చివర్లో అంబాజీపేటలో మా కొబ్బరి కొట్టుకి ఒక కంప్యూటర్ వచ్చింది. ఆ వెనకే, దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పాతదైపోయిందని, దాన్ని అమ్మిన కంపెనీవాళ్ళు దానికి మరమ్మతులు ఆపేశారు. అది మొరాయిస్తే బిల్లులు రావు, లారీలు కదలవు. అప్పుడు రాజమండ్రి నుంచి కంపెనీ ఇంజనీరుగారు రావాలి.

రాగానే ఆయన మిషను ముట్టుకునేవారు కాదు. పైకి మడిచిన చొక్కా చేతులు దించి, గుండీలు పెట్టుకుని, నిలబడి చెప్పేవారు: "కంపెనీ తరఫున మనవి చేస్తున్నానండీ. ఈ సిస్టమ్‌కి మరమ్మతులు ఆపేసేం. కొత్తది కొనుక్కోండి."

"ఆయ్, అలాగేనండీ," అనేవారు మా షావుకారుగారు.

ఆ మాట విన్నాక ఇంజనీరుగారు గుండీలు విప్పి, చేతులు మళ్ళీ మడిచి, సాయంత్రం దాకా కూర్చుని దాన్ని బాగుచేసేవారు. మేం కొత్తది కొన్నదీ లేదు, ఆయన ఆ మనవి మానిందీ లేదు.

ఒకసారి మిషను ఆగితే రాజమండ్రి ఆఫీసుకి ఫోను చేశాను. వాచ్‌మన్ ఎత్తి, కంపెనీ మూసేశారనీ, ఇంజనీరుగారి ఇంటికి మాత్రం కబురు పెడతాననీ అన్నాడు. వీధిలో లారీలు బారు తీరాయి. షావుకారుగారు తల పట్టుకున్నారు.

మర్నాడు ఇంజనీరుగారు వచ్చారు. చేతులు దించి, గుండీలు పెట్టుకుని, "కంపెనీ తరఫున..." అని మొదలుపెట్టారు.

నేను ఉండబట్టలేక, "కంపెనీయే లేదట కదండీ?" అన్నాను.

"ఆయ్, లేదండీ. అయినా వాళ్ళు వద్దన్న పని, వద్దన్నారని చెప్పకుండా ఎలా చేసేదండీ?"

షావుకారుగారు లేచి నిలబడ్డారు.

"ఆయ్, అలాగేనండీ," అన్నారు.

ఇంజనీరుగారు గుండీలు విప్పారు.