అత్తమ్మ దాచిన మాట

చండ్రుగొండలో సువార్తకు అత్తగారి మీద అనుమానం పుట్టింది. సువార్త సత్తుపల్లి బట్టల దుకాణంలో చీరలు అమ్మే మనిషి. ఎవరు కొంటారో, ఎవరు అల్మారా అంతా దింపించి "మళ్లొస్తం" అంటారో మొహం చూసి చెప్పేస్తుంది. అలాంటిదానికి సొంత అత్త విశ్రాంతమ్మ దొంగచూపులు కనబడవా?

కూతురు స్తుతికి ఏడాదిన్నర దాటింది. సైగలకేం లోటు లేదు. దాహమైతే బొటనవేలు నోట్లో పెట్టుకుంటుంది. అన్నం వద్దంటే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటుంది. ప్రార్థన అనగానే ఒక కన్ను మూసి, రెండో కంటితో బిస్కెట్ల డబ్బాను కనిపెట్టి చూస్తుంది. తండ్రి క్రాంతికుమార్ కూడా మురిసిపోయి ఆ ఒంటికన్ను ప్రార్థనే చేసి, తన తల్లి చేత చీవాట్లు తిన్నాడు. ఇన్ని వేషాలు వేసే పిల్ల సువార్త ఎదుట ఒక్క మాట పలకదు. "అమ్మ" అనిపించుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

ఈమధ్య సాయంత్రం బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టేసరికి, అత్త గబుక్కున పిల్ల నోట్లో అరటిపండు కుక్కుతోంది. పిల్ల నోరు తెరిస్తే చాలు, గట్టిగా పాట ఎత్తుకుంటోంది. మొగుణ్ణి అడిగితే "నాకేం తెల్వదు" అని ఆటో తుడవడానికి పోయాడు. తుడిచిన ఆటోనే మళ్లీ తుడిచాడు! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

ఆదివారం చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే పక్కింటి కన్నమ్మ నోరు జారింది.

"ఆడోళ్ల ప్రార్థన కూడికల మీ అత్త సాక్ష్యం చెప్తుంటే అందరం ఏడ్చినం పిల్లా. దేవుడు స్తుతి నోరు తెరిచిండు గదా!" అని, వెంటనే నాలుక కరుచుకుంది.

సువార్తకు ఒళ్లు మండిపోయింది. పిల్ల మాట్లాడింది! ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు, కన్నతల్లికి తెలియదు. ముసల్ది పిల్లను తన వైపు తిప్పుకుంటోంది, సందేహమే లేదు.

మర్నాడు తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే దుకాణం నుంచి బయటపడింది. వీధి గుమ్మం వైపు పోకుండా, పెరటి దడి వెనక పిల్లిలా నక్కింది. పెరట్లో విశ్రాంతమ్మ మనవరాలికి పప్పన్నం పెడుతోంది.

"అమ్మ!" అంది స్తుతి స్పష్టంగా, నాయనమ్మ గడ్డం పట్టుకుని.

సువార్త దడి సందులోకి ఇంకా ముందుకు వంగింది.

"ఛీ, నన్ను గాదే! అమ్మంటే సువార్త. గామె ఇంటే ఎంత ఏడుస్తది! జర నా మాటిను తల్లీ, నాయనమ్మ అను."

"అమ్మ!"

"అయ్యో ప్రభువా, నోరు తెరువమని అడిగిన పాపానికి గిట్ల జేస్తివేంది?"

సువార్త దడి తోసుకుని లోపలికొచ్చింది. విశ్రాంతమ్మ చేతిలో ముద్ద జారిపోయింది.

"దేవుని తోడు బిడ్డా, నేను నేర్పలే! ప్రార్థన చేయించుకుని సాక్ష్యం చెప్పకుంటే తప్పని చెప్పిన. నీ ముందర నన్ను గట్ల పిలుస్తదేమోనని దాని నోరు మూయిస్తున్న. ముందుగాల నిన్ను పిలవాలె గదా..."

సువార్తకు ఏడుపొచ్చింది. కుళ్లు మాత్రం ఇంకా పోలేదు.

"పిలవనియ్యి అత్తమ్మా," అంది చివరికి. "పిలిచినప్పుడు ఎవరో ఒకరు పలకాలె గదా."

మోకాళ్ల మీద కూచుని చేతులు చాచింది. స్తుతి ఆమె మొహం చూసింది, భుజాన ఉన్న బ్యాగు చూసింది, రోజూ పొద్దున చెప్పినట్టే బుద్ధిగా చెయ్యెత్తి టాటా చెప్పింది. బ్యాగు తీసి అవతల పెట్టినా, చెప్పులు విప్పి వచ్చి పక్కన కూచున్నా, పిల్ల టాటా చెబుతూనే ఉంది.