పద్మనాభం కంటి నలక

పద్మనాభం చూపు నుంచి ఏ నలకా తప్పించుకోలేదని గుడ్‌గావ్ ఉద్యోగ్ విహార్‌లోని ఆ చిన్న కంపెనీలో అందరికీ నమ్మకం. అందరికంటే ఎక్కువ నమ్మకం పద్మనాభానికే. ఇరవై రెండేళ్ళు సైన్యంలో బైనాక్యులర్లు బాగుచేసి, హవల్దారుగా రిటైరై, ఢిల్లీ పాలంలో ఇల్లు అద్దెకు తీసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఉపగ్రహాల కెమెరాల్లో బిగించే లెన్సులను వెలిగే తెల్లపలక మీద పెట్టి, చివరిసారి చూసి సంతకం పెట్టడం అతని పని.

ఒకప్పుడు ఏడాదికి రెండు కెమెరాలకు లెన్సులిస్తే గొప్ప. ఇప్పుడు పంటలు చూసేవాళ్ళకీ, ఓడలు వెతికేవాళ్ళకీ అందరికీ ఆకాశంలో ఒక కన్ను కావాలి. "మార్కెట్ పెరిగింది, హవల్దార్ సాబ్. జల్దీ!" అని మేనేజరు ఖురానా రోజుకు నాలుగుసార్లు తొందరపెడతాడు.

"పైకెళ్ళాక తుడవడానికి మీరు నిచ్చెన వేసుకుని వెళ్తారా సాబ్?" అంటాడు పద్మనాభం.

ఆ వారం ప్రవల్లిక పాలిష్ చేసిన లెన్సును మూడుసార్లు తిప్పి పంపాడు. పలాస నుంచి వచ్చి, మునిర్కాలో మంచమంత గదిలో ఉంటున్న పిల్ల. ఇంకోసారి తిప్పి పంపితే ఆమెను ఇంటికి పంపేస్తానని ఖురానా చెప్పేశాడు.

"నలకెక్కడుందంకుల్? నాకేటీ కనబడ్డం లేదు."

"ఇదిగో, అంచున. కాదు... కాస్త ఇటు."

"ఇందాక అటన్నారు కదా. నలక నడుస్తాదేటి?"

"నీ కళ్ళకి నడుస్తుంది. నా కళ్ళతో చూడు."

ప్రవల్లిక లెన్సు తీసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో పద్మనాభం డబ్బా తెరిస్తే పెరుగన్నంలో నలక. చెంచాతో తీయబోతే అంచుకు జారింది. అంచుకు వెళ్తే మధ్యకొచ్చింది. డబ్బా చుట్టూ రెండుసార్లు తరిమి, భార్యకు ఫోన్ చేశాడు.

"పెరుగులో ఏం పడేశావ్?"

"నేనూ అదే పెరుగు తింటున్నా, శుభ్రంగా ఉంది," అంది కమలాకుమారి. "దసరాకి గోడ మీద చీమ అని చెప్పుతో కొట్టారు. అదీ లేదు. ముందు కళ్ళు చూపించుకోండి."

పద్మనాభం తలెత్తి తెల్లగోడ వైపు చూశాడు. నలక గోడ మీద ఉంది. కళ్ళు తిప్పాడు. అదీ తిరిగింది. ఎదురుబల్ల దగ్గర ప్రవల్లిక తన రొట్టె తినడం మానేసి అతని చెంచానే చూస్తోంది.

ఏమీ ఎరగనట్టు ఆమె లెన్సుకు సంతకం పెట్టేస్తే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. పద్మనాభం డబ్బా మూసి వెళ్ళి, రిజిస్టరులో ఇలా రాశాడు: 'లెన్సు బాగుంది. నలక నా కంట్లో ఉంది.' కింద సంతకం పెట్టి ఖురానా ముందుంచాడు.

ఖురానా రెండుసార్లు చదువుకున్నాడు. "లడ్కీ ఉంటుంది, ఠీక్ హై. కానీ ఇది ఎప్పట్నుంచి, హవల్దార్ సాబ్?"

దసరా నుంచి పద్మనాభం సంతకం పెట్టినవి పదకొండు లెన్సులు. లేని నలక కనబడ్డ కంటికి, ఉన్న నలక కనబడకుండా పోయిందేమో ఎవరు చెప్పాలి? పదింటిని వెనక్కి తెప్పించి మళ్ళీ చూడొచ్చు.

"పదకొండోది?" అన్నాడు పద్మనాభం, జవాబు తెలిసీ.

"లాంచ్ హో గయా," అంటూ ఖురానా వేలు పైకి చూపించాడు.

కంటి ఆసుపత్రికి ప్రవల్లికే ఆటో పిలిచింది. "మెట్టుందంకుల్, సూసుకోండి," అంటూ మోచెయ్యి పట్టుకుంది. అతను మెట్టు చూడలేదు. పైకి చూశాడు. తెల్లటి ఫిబ్రవరి ఆకాశంలో ఆ నలక మెల్లగా అటు నుంచి ఇటు పోతోంది.